మెదడు చిత్రము చెప్పునది, చెప్పజాలనిది

కంటికి కనబడినదానిని కాదనుట కష్టము. చెవితో వినినదానిని విచారించి నమ్మువారు సైతము, కన్నులయెదుట ఒక చిత్రమును నిలిపినచో విచారణ మాని తల యూపుదురు. ఎముకను, గుండెను, ఊపిరితిత్తులను చూపు యంత్రములు వచ్చినప్పటినుండి వైద్యశాస్త్రమునకు ఈ బలము చేకూరినది. అదే బలము మనస్సును గూర్చిన విచారణలోను ప్రవేశించినది. స్కిజోఫ్రెనియా అను మనోవ్యాధిగలవారి మెదడులో, తెల్లని భాగమున తేడాలున్నవని యంత్రములు చూపుచున్నవి. ఆ తేడా నిజమే. కాని అది ఎవరినిగూర్చి, ఎంతమాత్రము చెప్పుచున్నదన్నది వేరు ప్రశ్న. ఈ రెండింటిని కలిపివేయుటవలన కలుగు అనర్థము ప్రయోగశాలలో నిలిచిపోవునది కాదు. అది న్యాయస్థానమునకు, పెండ్లిపందిరికి, పాఠశాల గదికి నడచివచ్చునది.

లోకమెల్ల చూచుచుండగా ఈ చిక్కు 1982లో బయటపడినది. 1981 మార్చి 30వ తేదీన వాషింగ్టన్ నగరమున అమెరికా అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్‌మీద జాన్ హింక్లీ అను యువకుడు తుపాకి కాల్చెను. మరుసటి యేట విచారణ జరిగినపుడు, ముద్దాయికి మతిస్థిమితము లేదని వాదించిన న్యాయవాదులు అతని మెదడు సి.టి. స్కాన్ చిత్రములను సాక్ష్యముగా తెచ్చిరి. న్యాయాధిపతి మొదట నిరాకరించి, పిదప అనుమతించెను. మెదడు ముడతల నడిమి సందులు వెడల్పైనవని, అట్టి వెడల్పు స్కిజోఫ్రెనియా రోగులలో సుమారు మూడింట ఒకవంతుమందికి ఉండునని, ఆరోగ్యవంతులలో నూటికి ఇద్దరికి మించి ఉండదని ముద్దాయి పక్షపు వైద్యుడు చెప్పెను. ప్రభుత్వ పక్షపు నిపుణులు ఆ మెదడు మామూలుగానే ఉన్నదనిరి. జూన్ 21న జ్యూరీ అతనిని మతిభ్రమ కారణముగా నిర్దోషియని తేల్చినది. తీర్పునకు ఆ చిత్రమొక్కటే కారణమని చెప్పుటకు వీలులేదు. ఈ వ్యాజ్యమును తలచునపుడు మరియొక మాటను కూడ తలచవలెను: హింస ఈ వ్యాధికి గుర్తు కాదు, వ్యాధిగ్రస్తులలో అత్యధికులు ఎవరికిని హాని చేయనివారు.

ఆ వైద్యుడు చెప్పిన అంకెలనే తీసికొని పాఠశాల విద్యార్థి చేయదగిన లెక్క ఒకటి కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము సుమారు మూడువందలమందిలో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉండును. మూడువేలమంది జనముగల ఊరిలో అట్టివారు పదిమంది. వారిలో మూడింట ఒకవంతు, అనగా ముగ్గురి మెదడులో ఆ గుర్తు కనబడును. మిగిలిన 2,990 మందిలో నూటికి ఇద్దరి చొప్పున సుమారు 60 మందికి అదే గుర్తు ఉండును. ఊరందరికి స్కాన్ తీసి గుర్తుగలవారిని ఏరినచో 63 మంది తేలుదురు. వారిలో రోగులు ముగ్గురే. తక్కిన అరువదిమంది నిష్కారణముగా రోగులను ముద్ర వేయించుకొందురు. నిజముగా వైద్యము కావలసినవారిలో ఏడుగురు లెక్కకు అందక పోవుదురు. రోగలక్షణములు ముందే స్పష్టముగా ఉన్న మనిషి విషయమున లెక్క కొంత మారును. కాని అప్పుడు వ్యాధిని పట్టియిచ్చినవి లక్షణములే గాని చిత్రము కాదు.

1982 నాటి చిత్రము మోటుది. నేటి చిత్రము చాల సూక్ష్మమైనది. అది చూపు తెల్లని భాగమనగా ఏమో తెలిసినగాని దాని విలువ తెలియదు.

మెదడును కోసి చూచినచో రెండు రంగులు కనబడును. పైపొర బూడిదరంగు, దాని క్రింద తెలుపు. బూడిదరంగు భాగమున నాడీకణముల దేహములుండును. ఆ కణములనుండి బయలుదేరి దూరపు కణములకు వార్తలు మోయు సన్నని తంతువుల మోపులే తెల్లని భాగము. తంతువులచుట్టు మైలిన్ అను క్రొవ్వు తొడుగు ఉండుటచేత దానికి ఆ రంగు వచ్చినది. 1854లో ఆ పేరు పెట్టినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు రుడాల్ఫ్ విర్కో. తొడుగులేని సన్నని తంతువులో వార్త సెకనుకు ఒక మీటరు చొప్పున సాగినచో, మందమైన తొడుగుగల తంతువులో నూరు మీటర్ల వరకు సాగగలదు. 2003లో డెన్మార్కు పరిశోధకులు కట్టిన లెక్కప్రకారము, ఇరువదేండ్ల యువకుని మెదడులోని తొడుగుగల తంతువులన్నిటిని కొసలు కలిపి చాచినచో సుమారు 1,76,000 కిలోమీటర్లు, యువతి మెదడులోనివి సుమారు 1,49,000 కిలోమీటర్లు ఉండును. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లే.

ఈ దారులు పుట్టుకతోనే పూర్తికావు. శైశవమున మొదలైన తొడుగుల నిర్మాణము ఇరువదియేండ్లు దాటినను సాగుచుండును. ఆలోచనకు, నిర్ణయమునకు, నిగ్రహమునకు సంబంధించిన ముందుభాగపు దారులు అన్నిటికంటె ఆలస్యముగా సిద్ధమగును. స్కిజోఫ్రెనియా సామాన్యముగా తల చూపునది ఆ వయస్సుననే, కౌమారము ముగియుచు యౌవనము నిండుచున్న కాలమున. శాస్త్రజ్ఞుల దృష్టి తెల్లని భాగముమీద పడుటకు ఇది యొక కారణము.

మరియొక కారణము వ్యాధి స్వభావముననే ఉన్నది. ఈ వ్యాధిగలవారిలో ఒక తలపునకు, తరువాతి తలపునకు పొందిక తప్పును. ఎవరును లేకయే మాటలు వినబడును. మనసులోని భావమునకు, ముఖమున కనబడు భావమునకు సంబంధము సడలును. పంతొమ్మిదవ శతాబ్ది చివర కార్ల్ వెర్నికే అను జర్మను వైద్యుడు, మెదడు భాగములను కలుపు తంతువులలో తెంపు కలుగుటయే మతిభ్రమకు మూలము కావచ్చునని ఊహించెను. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు ఆయ్‌గెన్ బ్లాయిలర్, చీలుట, మనస్సు అను అర్థములుగల రెండు గ్రీకు మాటలను కలిపి స్కిజోఫ్రెనియా అను పేరు కల్పించెను. తలపుల నడిమి కూర్పు సడలుననుటయే ఆయన భావము. లోకము ఆ పేరును అపార్థము చేసికొని, ఒకే దేహమున ఇద్దరు మనుషులు మెలగుదురని కథలల్లినది. కథలలోను చలనచిత్రములలోను కనబడు ఆ ద్వంద్వ వ్యక్తిత్వమునకు, ఈ వ్యాధికి సంబంధము లేదు.

వెర్నికే ఊహను బ్రతికియున్న మనిషిలో పరీక్షించు సాధనము నూరేండ్లకుగాని దొరకలేదు. 1976లో ఇంగ్లండున ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో మొదలైనవారు సి.టి. స్కాన్‌తో పదునేడుగురు దీర్ఘరోగులను పరీక్షించి, వారి మెదడులోని ద్రవపు గదులు పెద్దవైనవని చూపిరి. కాని ఆ యంత్రమునకు తంతువుల దారులు అందలేదు. అయస్కాంతబలముతో పనిచేయు ఎం.ఆర్.ఐ. యంత్రము వచ్చిన తరువాత, 1994లో పీటర్ బాసర్, జేమ్స్ మాటియెల్లో, డెనిస్ ల బిహాన్ అను మువ్వురు ఒక ఉపాయమును గణితబద్ధముగా రూపొందించిరి. తంతువును చూచుటకు మారుగా తంతువులలోను, వాని చుట్టును ఉన్న నీటి కదలికను కొలుచుటయే ఆ ఉపాయము.

పళ్లెములోని నిలుకడ నీటిలో పడిన సిరాబొట్టు అన్ని దిక్కులకు సమముగా వ్యాపించును. అదే బొట్టు తడిసిన గడ్డిమోపుమీద పడినచో పరకల పొడవున సులభముగా ప్రాకును. అడ్డముగా అంత సులభముగా ప్రాకజాలదు. తెల్లని భాగమున నీటి అణువులు ఇట్లే తంతువుల వెంబడి ఎక్కువగాను, అడ్డముగా తక్కువగాను కదలును. ఈ కదలిక ఎంతవరకు ఒకే దిక్కునకు ఒదిగియున్నదో సున్న మొదలు ఒకటి వరకుగల అంకెతో సూచింతురు. అన్ని దిక్కులకు సమమైనచో సున్న. పూర్తిగా ఒకే దిక్కునకైనచో ఒకటి. దారులు దట్టముగా, ఒకేవైపునకు సాగినచోట అంకె పెద్దదగును. ఈ అంకెలకు రంగులద్దగా తెరమీద కనబడునదే పత్రికలలో అచ్చగు అందమైన మెదడు చిత్రము. అది ఛాయాచిత్రము కాదు, రంగులద్దిన గణితము.

ఈ పద్ధతితో స్కిజోఫ్రెనియా రోగులను పరీక్షించిన ఫలితములు 1998, 1999 సంవత్సరములనుండి వెలువడసాగెను. తొలినాళ్లలో పరీక్షింపబడిన రోగులు కొద్దిమందియే యగుటచేత, ఒక బృందము కనుగొనినది మరియొక బృందమునకు కనబడకుండెను. ఈ కొరత తీర్చుటకు అనేక దేశముల పరిశోధకులు ఎనిగ్మా అను సమాఖ్యగా కూడి తమ కొలతలను ఒకచోట చేర్చిరి. 2018లో వెలువడిన వారి పరిశోధన 29 బృందములనుండి 1,963 మంది రోగులను, 2,359 మంది ఆరోగ్యవంతులను పోల్చినది. పరీక్షించిన 25 ప్రాంతములలో 20 చోట్ల రోగుల సగటు అంకె తక్కువగా తేలినది. ఎడమ కుడి అర్ధగోళములకు వంతెనవంటిదైన కార్పస్ కెలోసం అను భాగమునను, మెదడు ముందువైపునకు విసనకఱ్ఱవలె విచ్చుకొను తంతువులలోను తేడా అధికముగా కనబడినది. మందుల మోతాదునకు, ఈ తేడాకు సంబంధము కనబడలేదు. కనుక ఇది ఒక చోట తగిలిన దెబ్బ కాదని, మెదడంతట వ్యాపించిన సన్నని సడలింపని చెప్పవచ్చును. వెర్నికే ఊహకు ఇంతవరకు బలము చేకూరినది.

అయితే ఆ సడలింపు ఎంతటిది? తేడా అధికముగా ఉన్న చోట్లనే అది గణాంకశాస్త్రపు కొలతలో సుమారు 0.4. అనగా, రెండు సమూహముల సగటుల నడిమి దూరము, సమూహములోని మనిషికి మనిషికి సహజముగా ఉండు వ్యత్యాసములో పదింట నాలుగువంతులు మాత్రమే. దీనిని మరియొక విధముగా చెప్పవచ్చును. ఒక రోగి, ఒక ఆరోగ్యవంతుడు చొప్పున నూరు జంటలను నిలిపి, తక్కువ అంకెగలవాడే రోగియని చెప్పుచు పోయినచో, సుమారు 61 జంటల విషయమున మాట నిజమగును. 39 జంటల విషయమున తప్పగును. బొమ్మయో బొరుసో అని నాణెము ఎగురవేసి చెప్పినను 50 నిజమగును. ఉపాధ్యాయులకు ఇది క్రొత్త సంగతి కాదు. ఒక తరగతిలోని ఎ సెక్షనునకు సగటున బి సెక్షనుకంటె నాలుగు మార్కులు ఎక్కువ వచ్చియుండవచ్చును. అంతమాత్రమున ఒక జవాబుపత్రముమీది మార్కులు చూచి, ఆ విద్యార్థి ఏ సెక్షనువాడో చెప్పుటకు ఎవరును సాహసింపరు.

అంకె తగ్గినదని యంత్రము చెప్పగలదు గాని ఏల తగ్గినదో చెప్పలేదు. తొడుగు పలుచనైనను తగ్గును. తంతువులు తక్కువైనను తగ్గును. రెండు దారులు ఒకదానినొకటి దాటినను, తంతువుల వెలుపల నీరు అధికమైనను తగ్గును. సుమారు రెండు మిల్లీమీటర్ల ఘనములో వేలాది తంతువులు ఇమిడియుండగా, వాని నన్నిటిని కలిపి యంత్రము ఇచ్చునది ఒక్క అంకెయే. లోపల పడుకొనినవాడు తల కదలించినను అంకె చెడును. మనసు కలతపడినవాడు కదలక పడుకొనుట ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. తేడా ఎల్లెడల ఒకేవైపునకు పోవుననుటయు సరికాదు. 2004లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరపు పరిశోధకులు, మాటలు వినబడుచున్న రోగులలో భాషకు సంబంధించిన దారుల కొన్ని భాగములందు అంకె తగ్గుటకు మారు పెరిగియుండుట కనుగొనిరి.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, ఈ దారులు మారునవి. 2009లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరోగ్యవంతులైన కొందరికి ఆరువారములపాటు మూడు బంతులను ఎగురవేసి పట్టు విద్యను నేర్పించి, వారి తెల్లని భాగమున ఒకచోట అంకె పెరిగినదని చూపిరి. అభ్యాసముచేత మారునదానిని విధివ్రాతయనుట ఎట్లు?

ఇట్లనుటచేత శాస్త్రజ్ఞుల శ్రమ వృథాయని కాదు. ఈ పరిశోధనలవలన ఒక పాత అన్యాయమునకు బలము తగ్గినది. 1948లో అమెరికాలో ఫ్రీడా ఫ్రోమ్ రైక్‌మన్ అను మనోవిశ్లేషకురాలు, స్కిజోఫ్రెనియా పుట్టించు తల్లి అను అర్థముగల మాటను ప్రయోగించినది. తరువాతి దశాబ్దములలో ఎందరో తల్లులు, బిడ్డకు వచ్చిన జబ్బునకు తోడు, ఆ జబ్బును తెచ్చిపెట్టిన నేరమునుకూడ మోయవలసివచ్చెను. మన దేశమున నింద తల్లితో ఆగలేదు. గాలియనిరి, దయ్యమనిరి, చేతబడియనిరి, పూర్వజన్మ పాపమనిరి. మెదడులో తేడా ఉన్నదని తెలిసినపుడు ఈ నిందలకు తావు తగ్గును. మధుమేహము వచ్చినవానిని, నీ నడవడి మంచిది కాదు గనుక వచ్చినదని ఎవరును కొట్టరు, కట్టివేయరు.

కాని కత్తికి రెండవవైపున కూడ పదునున్నది. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2013లో వెలువడిన ఒక సమీక్ష, మనోవ్యాధులకు శారీరక కారణములు చెప్పినపుడు ప్రజలు రోగిని నిందించుట తగ్గినను, అతడు కోలుకొనునన్న ఆశయు తగ్గుచున్నదని తేల్చినది. మెదడే చెడినదట, ఇక బాగుపడునా అని పెదవి విరుచుట నిందకంటె తక్కువ క్రూరమైనది కాదు. వాస్తవము దీనికి విరుద్ధము. ఈ వ్యాధిగలవారిలో కనీసము ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకొనగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. స్కాన్ చిత్రమును చూచి ఒకని బ్రతుకు ఇంతేయని తేల్చువాడు, పాత జాతకచక్రమును విడిచి క్రొత్త జాతకచక్రమును చేపట్టినవాడే.

మాట కూడ చిత్రమువంటిదే. అదియు మనిషిని కట్టివేయగలదు. జపానులో ఈ వ్యాధికి మనస్సు చీలిన జబ్బు అను అర్థముగల పేరుండెను. రోగుల కుటుంబములు దానిని మార్చుమని కోరగా, 2002లో అక్కడి మనోవైద్యుల సంఘము సమన్వయము తప్పిన జబ్బు అను అర్థమున క్రొత్త పేరు పెట్టినది. అంతకుముందు రోగితో అతని జబ్బు పేరు చెప్పుట సుమారు 37 శాతముమంది విషయముననే జరుగుచుండగా, మూడేండ్లలోపల అది సుమారు 70 శాతమునకు పెరిగినది. చెప్పదగిన పేరు దొరికినపుడు వైద్యునికి నోరు వచ్చినది. 2011లో దక్షిణ కొరియా వైద్యులు వాద్యముయొక్క తీగలను శ్రుతి చేయుటను స్ఫురింపజేయు పేరును ఎన్నుకొనిరి. తీగ తెగిపోలేదు, శ్రుతి తప్పినది. శ్రుతిని తిరిగి చేర్చవచ్చునన్న ఆశ ఆ పేరులోనే ఉన్నది. తెలుగున నేటికిని వాడుకలో అన్నిటికి ఒకటే మాట, పిచ్చి. ప్రేమకును పిచ్చియే, కోపమునకును పిచ్చియే, వైద్యము కావలసిన జబ్బునకును పిచ్చియే.

మన న్యాయశాస్త్రము ఈ విషయమున సామాన్య జనముకంటె ముందు నడచినదని చెప్పుట తప్పు కాదు. 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు 1976లో చేసిన సవరణ, విడాకులకు కారణమగు మానసిక రుగ్మతను నిర్వచించుచు స్కిజోఫ్రెనియాను పేరెత్తి చెప్పినది. ఆ పేరు చూపినచో చాలునను తలంపు దానివలన పుట్టినది. 1988లో సుప్రీంకోర్టు ఆ తలంపును త్రోసిపుచ్చినది. జబ్బు పేరు తగిలించినంతమాత్రమున చాలదని, కలిసి బ్రతుకుట సహేతుకముగా ఆశింపరానంత తీవ్రత ఉన్నదని రుజువు కావలెనని తీర్పు చెప్పినది. 2013లో ఆంధ్రప్రదేశ్‌నుండి వెళ్లిన ఒక వ్యాజ్యములోను అదే సూత్రమును నిలిపి, భర్త కోరిన విడాకులను నిరాకరించినది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ఇంకను స్పష్టముగా చెప్పినది: మానసిక వ్యాధి ఉన్నదని వైద్యుడు నిర్ధారించినను, అర్హతగల న్యాయస్థానము ప్రకటించినగాని ఆ మనిషిని మతిలేనివాడుగా ఎంచరాదు. వైద్యుని నిర్ధారణకే లేని అధికారము ఒక స్కాన్ చిత్రమునకు ఎక్కడినుండి వచ్చును?

వైద్యులు స్కాన్ తీయించుట ఉన్నది. అది ముఖ్యముగా మెదడులో కంతియో, వాపో, మరియొక జబ్బో లేదని తెలిసికొనుటకు. స్కిజోఫ్రెనియాను నిర్ధారించునది నేటికిని మనిషితో మాటాడుట, అతని కుటుంబమును విచారించుట, మార్పులు ఎంతకాలముగా ఉన్నవో గమనించుట. ఖరీదైన యంత్రము లేనందున తమ ఊరిలో వైద్యము లేదని ఎవరును నిరాశపడనక్కరలేదు. కొరత వేరొకచోట ఉన్నది. 2015, 2016 సంవత్సరములలో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ నడపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, వేర్వేరు మానసిక రుగ్మతలకు 70 నుండి 92 శాతమువరకు రోగులు వైద్యమునకు అందక పోవుచున్నారని తేల్చినది. అనగా, చూపవలసిన చిత్రములు లేక కాదు, వినవలసిన చెవులు లేక ఈ దేశమున ఎక్కువమంది బాధపడుచున్నారు.

ఆ చెవులు మొదట ఉండదగిన చోట్లలో పాఠశాల, కళాశాల ముఖ్యమైనవి. చక్కగా చదువుచున్న విద్యార్థి కొన్ని నెలలుగా స్నేహితులకు దూరమగుట, నిద్ర తప్పుట, తన్ను ఎవరో గమనించుచున్నారని భయపడుట, మాటకు మాటకు పొందిక లేకుండ మాటాడుట, ఎవరును పలుకనిచోట పలుకులు వినుట జరిగినచో, అది పొగరు కాదు, నటన కాదు, సోమరితనము కాదు. అది ఈ వ్యాధియే యనియు ఉపాధ్యాయుడు తేల్చరాదు. తేల్చుట వైద్యుని పని. తరగతిలో నిలబెట్టి అవమానింపక, తల్లిదండ్రులను పిలిచి నెమ్మదిగా చెప్పి, వైద్యమునకు పంపుట ఉపాధ్యాయుని పని. ఎంత త్వరగా వైద్యము మొదలైన అంత మేలు. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును. చికిత్స పొంది తిరిగివచ్చిన విద్యార్థికి అతని బెంచీ అతనికొరకు ఉంచుట తోటివారి పని. యంత్రము ఆ బిడ్డ మెదడులో ఏ అంకెను చూపినను, అతని పేరు హాజరుపట్టీలో ఉండవలెను. పిలిచినపుడు పలుకుటకు అతనికి కొంత వ్యవధి ఇయ్యవలెను.